లెక్కలో లేని చావు చావు కాదా?

లెక్కపెట్టడమంటే ఏందో మన పల్లెలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఓట్లొచ్చినప్పుడు మన తలకాయలు లెక్కపెడతారు. అప్పిచ్చినోడు వడ్డీ పైసాతో సహా లెక్కపెడతాడు. నాట్లకు పోతే ఎన్ని మునుము తిరిగామో, ఎంత పొద్దు మిగిలిందో లెక్కపెడతారు. కానీ మన పల్లెలో ఒక ఆడమనిషి మూడు రోజుల జ్వరంతో పడిపోయి చచ్చిపోతే, ఏ జబ్బుతో పోయిందో రాసిన కాగితం ముక్క ఉండదు. "జరమొచ్చి పోయింది" అంటారు. "గాలి సోకింది" అంటారు. బాలింత అయితే "గుణం కమ్మింది" అంటారు. ఒళ్లు ఎర్రబడితే "అమ్మవారు" అంటారు. మూడో రోజుకి చిన్నదినం, పదకొండో రోజుకి పెద్దదినం, అంతటితో సరి.

మేం చెప్పదల్చుకున్నది ఒకటే. కాగితం మీద లేని చావుకు కారణం ఉండదు. కారణం లేని చావుకు బాధ్యుడు ఉండడు. బాధ్యుడు లేని చావు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఒక జబ్బు చరిత్రను ముందు పెట్టి అంటున్నాం. దాని పేరు టాక్సిక్ షాక్ సిండ్రోమ్. పేరు పెద్దది, జబ్బు అరుదైనది. అయినా ఇంత అరుదైన జబ్బును ఒక దేశం ఎట్లా పట్టుకుంది, ఎట్లా లెక్కపెట్టింది, ఆ లెక్కతో ఎంత పెద్ద కంపెనీ మెడలు వంచింది అన్నది మన సంఘాల కార్యకర్తలు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి.

జబ్బు ఏమిటి?

స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి ఉంది. అది మనలో చాలామంది ముక్కులో, చర్మం మీద ఏ హానీ చేయకుండా బతుకుతుంది. సెగ్గడ్డల్లో చీము పట్టేది ఎక్కువగా దీనివల్లే. దీనిలో కొన్ని రకాలు ఒక విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషానికి టీఎస్ఎస్‌టీ-1 అని పేరు. దీన్ని 1981లో గుర్తించారు. ఎక్కువమంది పెద్దవాళ్ల నెత్తురులో ఈ విషానికి విరుగుడు ముందే తయారై ఉంటుంది. అది లేనివాళ్లలో ఈ విషం నెత్తురులోకి ఎక్కితే ఒంట్లో రక్షణ వ్యవస్థ అంతా ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు తిరగబడుతుంది.

అప్పుడు ఏమవుతుంది? 102 డిగ్రీలకు తక్కువ కాని జ్వరం వస్తుంది. ఎండకు కాలినట్టు ఒళ్లంతా ఎర్రబడుతుంది. బీపీ పడిపోతుంది, పై అంకె 90కో, అంతకంటే కిందికో దిగిపోతుంది. వాంతులు, విరోచనాలు, కండరాల నొప్పులు, మతి తప్పడం, మూత్రపిండాలు దెబ్బతినడం వంటివి కలుస్తాయి. బతికితే వారం, రెండు వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో తోలు పొరలు పొరలుగా ఊడిపోతుంది. స్ట్రెప్టోకాకస్ అనే మరో సూక్ష్మజీవి వల్ల కూడా ఇట్లాంటి జబ్బే వస్తుంది. అది ఇంకా ప్రమాదకరం.

ఇది ఆడవాళ్ల జబ్బు అని పేరు పడింది గానీ, అది సగం నిజమే. కాలిన పుండు నుంచి రావచ్చు. ఆపరేషన్ కోత నుంచి రావచ్చు. కాన్పు తర్వాత రావచ్చు. ముక్కులో నెత్తురు ఆగడానికి కుక్కిన గుడ్డ నుంచి రావచ్చు. మగవాళ్లకూ పిల్లలకూ వస్తుంది. అసలు ఈ పేరు పెట్టిందే పిల్లల్ని చూసి. 1978లో అమెరికాలోని డెన్వర్‌లో జేమ్స్ టాడ్ అనే పిల్లల డాక్టరు, ఆయన తోటివారు 8 నుంచి 17 ఏళ్ల వయసున్న ఏడుగురు పిల్లల్లో ఈ లక్షణాలు చూసి, లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాసి ఆ పేరు పెట్టారు. జబ్బుకు పేరు దొరకడం మొదటి మెట్టు. పేరు లేని దాన్ని ఎవడూ లెక్కపెట్టలేడు.

లెక్క ఎట్లా మొదలైంది?

1979 చివరి నుంచి 1980 మొదటి నెలల దాకా విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో డాక్టర్లకు ఒక వింత కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న పడుచు ఆడవాళ్లు ఉన్నట్టుండి ఈ లక్షణాలతో ఆస్పత్రికి వస్తున్నారు. ఒక్కో డాక్టరు చూసింది ఒకరిద్దరినే. ఎవడికి వాడు తన దగ్గరే పెట్టుకుని ఊరుకుంటే కథ అక్కడే ముగిసేది. వాళ్లు రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెప్పారు. రాష్ట్రాలు అట్లాంటాలో ఉన్న సీడీసీకి చెప్పాయి. జబ్బుల లెక్క చూసే జాతీయ సంస్థ అది. 1980 మే 23న ఆ సంస్థ తన వారపత్రికలో మొదటి లెక్క అచ్చేసింది. మొత్తం 55 కేసులు. అందులో 52 మంది ఆడవాళ్లు. ఏడుగురు చనిపోయారు. నెలసరి వివరం తెలిసిన 40 మందిలో 38 మందికి జబ్బు మొదలైంది ముట్టు మొదలైన ఐదు రోజుల లోపలే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వాళ్లు ముట్టు సంగతి అడిగారు కాబట్టి ఆ 38 బయటపడింది. అడగడానికి సిగ్గుపడి ఉంటే? "ఆడవాళ్ల ఆ సంగతులు మనకెందుకు" అని రాసుకోకుండా ఉంటే? ఆ కొస దొరికేదే కాదు.

జూన్‌లో ఇంకో అడుగు వేశారు. జబ్బు పడిన 52 మందినీ, అదే ఈడున్న, జబ్బు పడని 52 మందినీ పక్కపక్కన పెట్టి చూశారు. జబ్బు పడిన 52 మందీ టాంపాన్ వాడినవాళ్లే. జబ్బు లేని 52 మందిలో వాడినవాళ్లు 44 మంది. టాంపాన్ అంటే ముట్టప్పుడు లోపల పెట్టుకునే, నెత్తురు పీల్చుకునే దూదిచుట్ట. మన పల్లెల్లో దీని వాడకం దాదాపు లేదు. అక్కడ ఆనాడు ఇంటింటా ఉంది.

సెప్టెంబరులో మూడో లెక్క తేలింది. కొత్తగా జబ్బు పడిన 50 మందిలో 71 శాతం వాడింది ఒకే బ్రాండు, 'రిలై'. జబ్బు లేనివాళ్లలో దాన్ని వాడింది 26 శాతమే. ఆ సరుకు ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీది. మామూలు దూది చాలదన్నట్టు అందులో పాలియెస్టర్ నురుగు ముక్కలు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి, ఎంత నెత్తురైనా పీల్చేలా తయారు చేశారు. ఇళ్లకు ఉచితంగా నమూనాలు పంచి అలవాటు చేశారు. లెక్క బయటికొచ్చిన మూడో రోజున, 1980 సెప్టెంబరు 22న, కంపెనీ ఆ సరుకును బజారు నుంచి వెనక్కి తీసుకుంది.

ఎవరు వంచారు ఆ కంపెనీని? తుపాకులు కాదు. 52, 44, 71, 26 అనే అంకెలు వంచాయి. చచ్చిపోయిన ఆడవాళ్లు కాగితం మీద కెక్కారు కాబట్టి వంగింది.

లెక్కలోనూ మోసం ఉంటుంది

అమెరికా వాళ్లంతా దేవుళ్లు అని చెప్పడం లేదు మేం. ఆ లెక్కలోని బొక్కలు కూడా చూడాలి. చూస్తేనే మనకు పాఠం.

1980లో అక్కడ నమోదైన కేసులు 890. అందులో 812 నెలసరికి సంబంధించినవి. 1989కి వచ్చేసరికి మొత్తం 61, అందులో నెలసరివి 45. జబ్బు నిజంగా అంత తగ్గిందా? లేక డాక్టర్లు చెప్పడం మానేశారా? ఈ తగువు అక్కడ గట్టిగానే నడిచింది. ఎందుకంటే కేసుల్ని తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. డాక్టరు తనంతట తాను కార్డు రాసి పంపితే తీసుకోవడం ఒక దారి. ఆరోగ్యశాఖ వాళ్లే ఆస్పత్రులకు పోయి, ఫోన్లు చేసి, రికార్డులు తిరగేసి వెతకడం రెండో దారి. మొదటిది గుమ్మంలో కూర్చుని ఎదురుచూడటం. రెండోది గడపగడపకూ తిరగడం. పేపర్లలో గోల ఉన్నన్నాళ్లు మొదటి దారిలో కేసులు వచ్చిపడతాయి. గోల సద్దుమణిగితే కేసులూ సద్దుమణుగుతాయి. జబ్బు మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

మిన్నెసోటాలో మైకేల్ ఆస్టర్‌హోమ్ బృందం రెండో దారి పట్టింది. రిలై బజారులో లేకుండా పోయినా అక్కడ జబ్బు అనుకున్నంతగా తగ్గలేదని చూపింది. విస్కాన్సిన్, అయోవాలను కలుపుకుని మూడు రాష్ట్రాల్లో చేసిన పరిశీలనలో, ఏ బ్రాండైనా సరే ఎంత ఎక్కువ పీల్చేదైతే అంత ముప్పు అని తేలింది. అంటే ఒక్క కంపెనీని దోషిగా నిలబెట్టి మిగతావాళ్లు చేతులు దులుపుకోవడానికి వీల్లేకుండా చేసింది ఆ లెక్క. 1985లో మిగతా కంపెనీలు పాలీఅక్రిలేట్ రేయాన్ వాడటం ఆపేశాయి. టాంపాన్ వాడేవాళ్లలో బాగా ఎక్కువ పీల్చే రకం వాడేవాళ్లు 1980లో 42 శాతం ఉంటే, 1986కల్లా 1 శాతానికి దిగారు. అట్టపెట్టె మీద హెచ్చరిక రాయాలన్న నిబంధన 1982లో వచ్చింది. ఏది ఎంత పీలుస్తుందో అన్ని కంపెనీలూ ఒకే కొలతతో రాయాలన్న నిబంధన మాత్రం 1990 దాకా అమలు కాలేదు. దాని కోసం బోస్టన్ మహిళా ఆరోగ్య బృందం వంటి ఆడవాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి ప్రభుత్వం మెడ మీద కూర్చున్నాయి. లెక్క దానంతట అది న్యాయం చేయదు. లెక్క పట్టుకుని అడిగేవాళ్లు కూడా కావాలి.

ఇంకో బొక్క ఉంది. టాంపాన్ పేరు పేపర్లకెక్కాక డాక్టర్లు ఈ జబ్బును ఎక్కడ వెతికారు? టాంపాన్ వాడేవాళ్లలోనే వెతికారు. అదే జబ్బు ఆపరేషన్ కోతతో వచ్చినవాడిని, కాలిన పుండుతో వచ్చిన పిల్లను చూసి వేరే పేరు రాసేవాళ్లు ఉంటారు. వెతికిన చోటే దొరుకుతుంది, వెతకని చోట లేదనిపిస్తుంది. 1979 నుంచి 1996 దాకా అక్కడ లెక్కకొచ్చిన 5,296 కేసుల్ని తిరగేస్తే, మొదటి రెండేళ్లలో 91 శాతం నెలసరివి. 1987 తర్వాత అవి 59 శాతమే. మిగతా కారణాల వాటా అంత పెరిగి కనిపించింది.

అన్నిటికంటే మనకు తగిలే సంగతి ఇది. 1980లో నమోదైన వాళ్లలో అత్యధికులు తెల్లజాతి ఆడవాళ్లు. నల్లవాళ్లలో ఆ సరుకు వాడకంలో తేడా కొంత కారణం కావచ్చు. కానీ జబ్బు గుర్తుల్లో ముఖ్యమైనది ఏంది? ఒళ్లు ఎర్రబడటం. తెల్లతోలు మీద ఎరుపు దూరం నుంచే కనపడుతుంది. నల్లతోలు మీద దగ్గరికొచ్చి, వెలుతురులో చూస్తే గానీ తెలియదు. ఇది డాక్టర్లు ఒప్పుకునే మాటే. కొలబద్దను ఎవడి ఒంటిని చూసి తయారు చేశారన్నది చిన్న సంగతి కాదు. మన నల్లటి ఒళ్లు, ఎండలో మాడిన ఒళ్లు, ఆ కొలబద్దకు దొరుకుతాయా?

లవం, హారం

మేం పిల్లలకు లెక్కలు చెప్పి బతికేవాళ్లం. కాబట్టి ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. ఏ జబ్బు ఎంతుందో చెప్పాలంటే రెండు అంకెలు కావాలి. పైన ఎంతమందికి జబ్బు వచ్చింది, కింద ఎంతమందిలో వచ్చింది. లవం, హారం. అమెరికాలో 1980 ప్రాంతంలో కొన్ని రాష్ట్రాల్లో ఏడాదికి నెలసరి వయసున్న లక్షమంది ఆడవాళ్లలో 6 నుంచి 12 మందికి ఈ జబ్బు వచ్చిందని అంచనా కట్టారు. 1986 నాటికి అది లక్షకు ఒకటి దగ్గరికి దిగింది. మిన్నెసోటాలో 2000 నుంచి 2006 దాకా అన్ని రకాలూ కలిపి చూస్తే, మొత్తం జనంలో లక్షకు 0.52.

ఇప్పుడు ఒక మండలం తీసుకోండి. 60 వేల జనం అనుకుందాం. అందులో నెలసరి వయసు ఆడవాళ్లు 15 వేలు అనుకుందాం. లక్షకు ఒకటి చొప్పున అయితే ఆ మండలంలో ఆరేడేళ్లకు ఒక్క కేసు. ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు రెండు మూడేళ్లకు బదిలీ అయిపోతాడు. ఆయన జన్మలో ఒక్క కేసు చూడకపోవచ్చు, చూసినా గుర్తుపట్టకపోవచ్చు. అందుకే ఇది ఒక డాక్టరు తెలివితో తేలే పని కాదు. మండలం జిల్లాకు, జిల్లా రాష్ట్రానికి పంపి, అన్నీ ఒక చోట పోగేస్తేనే ఆ కేసులు కలిసి కళ్లకు కనపడతాయి.

మరో లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల జనం సుమారు 8 కోట్ల 46 లక్షలు. మిన్నెసోటా రేటు ఇక్కడా ఉందనుకుంటే ఏడాదికి 440 మంది అవుతారు. అంతమంది ఉన్నారని మేం అనడం లేదు. అక్కడి వాడకాలు వేరు, ఇక్కడి వాడకాలు వేరు. తక్కువ ఉండొచ్చు. పుళ్లు, కాన్పులు, కోతల లెక్కన ఎక్కువా ఉండొచ్చు. మేం అడిగేది ఏందంటే, తక్కువో ఎక్కువో చెప్పే లెక్క ఏది? "ఆ జబ్బు మన దగ్గర లేదు" అనే పెద్దమనుషులు ఏ పుస్తకం చూసి చెబుతున్నారు? వెతికి లేదనడం వేరు. వెతక్కుండా లేదనడం వేరు. మొదటిది శాస్త్రం. రెండోది అహంకారం.

మన దగ్గర కాగితాలు ఎట్లా ఉన్నాయి?

కాగితాలు లేవని కాదు. బోలెడు ఉన్నాయి. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. 21 రోజుల లోపల చావును నమోదు చేయించాలని ఉంది. జబ్బుల మీద కన్నేసే ఐడీఎస్‌పీ పథకం 2004లో మొదలైంది. ఏఎన్ఎం, డాక్టరు, ల్యాబు మూడు రకాల ఫారాలు నింపాలి. 2021 నుంచి అది కంప్యూటరులోకి ఎక్కింది. మంచిదే. మలేరియాకు గడి ఉంది, డెంగీకి గడి ఉంది. కానీ టాక్సిక్ షాక్ అని పేరు పెట్టి అడిగే గడి లేదు. అమెరికాలో 1980ల నుంచీ ఇది నమోదు చేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. మన దగ్గర లేదు. గడి లేకపోతే ఏఎన్ఎం ఏం రాస్తుంది? డాక్టరు ఏం రాస్తాడు? "జ్వరం" అని రాస్తారు. లేదా ఏమీ రాయరు.

చావు సంగతి ఇంకా ఘోరం. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు రాసిచ్చిన కారణం ఉన్నవి 22.5 శాతమే. అంటే నమోదైన ప్రతి నాలుగు చావుల్లో మూడింటికి పైగా ఎందుకు జరిగాయో ఈ దేశానికి తెలియదు. నమోదే కాని చావులు దీనికి బయట. ఆ కారణం రాసిన ఒక వంతు ఎవరిదో చెప్పాలా? ఆస్పత్రి మంచం దాకా పోగలిగినోళ్లది. ఇంట్లో చచ్చినవాడికి, ఆటోలో చచ్చినవాడికి, "మా వల్ల కాదు పెద్దాస్పత్రికి తీసుకుపో" అంటే దారిలో చచ్చినవాడికి కారణం రాసేదెవరు? మన పల్లె ఊరికి ఏ మూలన ఉంటుందో, ఆస్పత్రి ఏ మూలన ఉంటుందో అందరికీ తెలుసు. ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న దూరమే కాగితానికీ మనకూ మధ్య ఉన్న దూరం.

కారణం తెలియని చోట ఏం పుడుతుంది? నింద పుడుతుంది. రాత్రి బాగున్న మనిషి తెల్లారేసరికి ఒళ్లెర్రబడి, మతి తప్పి, రెండో రోజు చచ్చిపోతే ఎవరో ఏదో చేశారంటారు. బాణామతి, చేతబడి అన్న నిందలతో తెలంగాణ జిల్లాల్లో మనుషుల్ని కొట్టి చంపిన, కాల్చి చంపిన ఘటనలు మనకు కొత్త కాదు. ఒక జబ్బుకు లెక్క లేకపోతే ఒక్క ప్రాణం కాదు, రెండు ప్రాణాలు పోతాయి. జబ్బుతో ఒకరు, నిందతో ఇంకొకరు.

టీకా సీసా సంగతి

ఈ జబ్బు మన ఇళ్లకు నేరుగా వచ్చే దారి ఒకటి ఉంది. అదే టీకా సీసా. ఇది జాగ్రత్తగా వినండి. టీకా వద్దని మేం చెప్పడం లేదు. తట్టు వచ్చి పిల్లలు చచ్చిపోయిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. ఆ చావుల్ని ఆపింది టీకాయే. ప్రతి బిడ్డకూ వేయించాలి.

సంగతి ఏందంటే, తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది. నీటితో కలిపాక ఒక సీసాలో చాలామంది పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. అందులో సూక్ష్మజీవుల్ని చంపే మందు కలపరు. కలిపిన సీసా చల్లగా లేకపోతే, గంటల తరబడి ఉంచితే, మురికి సూది దూరితే, స్టెఫిలోకాకస్ అందులో పెరిగి విషం తయారవుతుంది. అది ఎక్కిన పిల్లలకు కొన్ని గంటల్లోనే జ్వరం, వాంతులు, విరోచనాలు పట్టుకుంటాయి. ఇట్లాంటి కేసుల గురించి 1990ల మొదట్లోనే మన దేశపు వైద్యపత్రికల్లో రాశారు. 2017 మేలో దక్షిణ సూడాన్‌లోని ఒక మారుమూల పల్లెలో తట్టు టీకా తర్వాత 15 మంది పిల్లలు చనిపోయారు. నాలుగు రోజుల పాటు ఒకే సిరంజి వాడారని, టీకాను చల్లగా ఉంచలేదని విచారణలో తేలింది. తప్పు టీకాది కాదు. పేదల పిల్లలకు ఇంత చాలులే అన్న పద్ధతిది.

అందుకే మన దేశంలో కలిపిన తట్టు టీకా సీసాను నాలుగు గంటల తర్వాత పారేయాలని నియమం. కలిపిన వేళ సీసా మీద రాయాలని నియమం. టీకా తర్వాత పిల్లకు ప్రాణం మీదికొస్తే 24 గంటల్లో పైకి తెలపాలని నియమం. ఇక్కడ కూడా లెక్కే ప్రాణం కాపాడుతుంది. ఒక పిల్లకు జ్వరమొస్తే అది మామూలు జ్వరం కావచ్చు. ఒకే సీసా నుంచి వేసిన నలుగురికి అదే పూట వాంతులు పట్టుకుంటే అది సీసా సంగతి. ఎవరికి ఏ సీసా వేశారో రాసి ఉంటేనే ఆ నలుగురూ ఒక చోటికొస్తారు. రాయకపోతే నాలుగిళ్లలో నాలుగు వేరువేరు ఏడుపులు.

ఈ పని చేసే ఏఎన్ఎం అక్క మీద మాకు కోపం లేదు. నాలుగూళ్లు ఒక్కతే తిరుగుతుంది. ఐసు పెట్టె మోసుకుని నడుస్తుంది. ఆమెకు సరిపడా జీతం, బండి, తోడు ఇవ్వకుండా లెక్కలు మాత్రం అడిగే పైవాళ్ల మీదే మా కోపం.

"ముట్టు సంగతి పత్రికలో రాస్తారా?"

ఈ మాట అనేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్లకు మా జవాబు ఇది. ముట్టయిన ఆడదాన్ని దూరంగా కూర్చోబెట్టిన ధర్మమే మనల్ని ఊరికి దూరంగా కూర్చోబెట్టింది. రెండింటికీ మూలం ఒకటే, అంటు. మనం అంటరానితనాన్ని ఎదిరిస్తామని చెప్పుకుంటూ మన ఇంటి ఆడవాళ్ల ముట్టును నోరెత్తని సంగతిగా ఉంచితే, మనువును గుమ్మం బయట తన్ని పెరటి తలుపు నుంచి లోపలికి పిలిచినట్టే. విస్కాన్సిన్ డాక్టర్లు సిగ్గుపడకుండా అడిగారు కాబట్టి ఆ 38 బయటికొచ్చింది. సిగ్గు మనుషుల్ని చంపుతుంది. ఆ చావును కూడా సిగ్గు లెక్కలోంచి తీసేస్తుంది.

ఇంకొందరు అంటారు, "తిండికే లేని జనానికి ఈ అరుదైన జబ్బుల గోల ఎందుకు?" అని. క్షయ ఉంది, నెత్తురు లేకపోవడం ఉంది, కాన్పు చావులు ఉన్నాయి, నిజమే. అరుదైన జబ్బును పట్టుకోగల వల పెద్ద జబ్బుల్ని వదలదు. లక్షలో ఒకదాన్ని లెక్కపెట్టగల వ్యవస్థ ఉంటే, కాన్పులో చచ్చే మన బాలింతను అది ఎట్లా మరిచిపోతుంది? కాబట్టి మేం అడుగుతున్నది ఒక జబ్బుకు గడి మాత్రమే కాదు. మన ప్రతి చావుకూ ఒక కారణం రాయాలని.

పల్లెల్లో మనం చేయాల్సింది

ప్రభుత్వం చేసేదాకా కూర్చునే అలవాటు మనకు లేదు. ప్రతి పల్లెలో సంఘం ఒక నోటుపుస్తకం పెట్టాలి. చదువుకున్న ఆడపిల్ల చేతిలో పెట్టాలి. ఎవరు చనిపోయినా పేరు, వయసు, తేదీ, ఎన్నాళ్లు జబ్బు పడ్డారు, జ్వరమా, ఒళ్లెర్రబడిందా, వాంతులా, ముట్టా, కాన్పా, ఆపరేషనా, పుండా, ఏ ఆస్పత్రికి పోయారు, ఎంతసేపటికి చూశారు అని రాయాలి. బతికి బయటపడ్డవాళ్లవి కూడా రాయాలి. తోలు ఊడిందా అని రెండు వారాల తర్వాత మళ్లీ పోయి అడగాలి. 21 రోజుల లోపల చావును పంచాయతీలో నమోదు చేయించాలి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితం లేకుండా కదలొద్దు.

ఉన్నట్టుండి పెద్ద జ్వరం, ఒళ్లు ఎర్రబడటం, నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు కలిసి వస్తే వేపమండలు కట్టి ఇంట్లో పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. లోపల టాంపానో, కప్పో, పుండులో కుక్కిన గుడ్డో ఉంటే వెంటనే తీయించాలి. ముట్టులో ఉందనో, కాన్పయి ఎన్నాళ్లయిందనో, ఎక్కడ కోత ఉందనో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. నరానికి సెలైన్, సరైన యాంటీబయాటిక్ త్వరగా పడితే ఈ జబ్బు నుంచి ఎక్కువమంది బతుకుతారు. ఆలస్యమే చంపుతుంది.

టీకా రోజున పోయి కూర్చోండి. సీసా ఎప్పుడు కలిపారో మర్యాదగా అడగండి. అది మన హక్కు.

ఇక ప్రభుత్వాన్ని అడిగేవి ఐదు. నమోదు చేయాల్సిన జబ్బుల జాబితాలో టాక్సిక్ షాక్‌ను చేర్చాలి. ఫారంలో ముట్టు, కాన్పు, ఆపరేషన్ అనే గడులు ఉండాలి. జిల్లాకో బృందం ఆస్పత్రి రికార్డులు తిరగేసి పాత కేసుల్ని వెతకాలి. ఉత్తర కాలిఫోర్నియాలో 1972 నుంచి 1983 దాకా ఉన్న పాత రికార్డుల్ని ఇట్లాగే తవ్వి లెక్క తీశారు, మన దగ్గర తీయలేకపోవడానికి కారణం చేతగానితనం ఒక్కటే. ఇంట్లో జరిగిన ప్రతి చావుకూ మనిషి వచ్చి కారణం విచారించి రాయాలి. తీసిన లెక్కను కులం వారీగా, ఆడా మగా వారీగా పంచాయతీ గోడ మీద అంటించాలి.

మన తలల్ని ఓట్ల కోసం లెక్కపెట్టిన చేతులే మన చావుల్నీ లెక్కపెట్టాలి. పెట్టకపోతే మన నోటుపుస్తకాలు తీసుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కుదాం. ఒక్కో పేజీ చదివి వినిపిద్దాం.